పాదువాలో రెండు రోజులు: ట్రావెల్స్ అబ్బాయి "ఏముంది సార్ అక్కడ" అంటున్నాడు

నెల్లూరు_నాన్న
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇటలీలో పాదువా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ముగించింది. వచ్చే నెలలో పట్టా ఇస్తారట, నేనూ మా ఆవిడా బయల్దేరుతున్నాం. విమానం వెనిస్‌కి. ట్రావెల్స్ అబ్బాయేమో "పాదువాలో ఏముంది సార్, రైలెక్కితే అరగంట, పొద్దున పోయి సాయంత్రానికి వెనిస్ వచ్చేయండి" అంటాడు. ఆ మాట అమ్మాయికి చెబితే ఫోన్లోనే అలిగింది, "రెండేళ్ళు నేను బతికిన ఊరు నాన్నా" అని. సరే అని రెండు రోజులు పెట్టుకున్నాం. అక్కడ చదివినవాళ్ళు, చూసొచ్చినవాళ్ళు ఉంటే చెప్పండి. బొమ్మలు, శిల్పాల సంగతి నాకు పెద్దగా తెలీదు. ఆ ఊరి మనుషులేంటి, ఆ కాలేజీ గొప్పేంటి, అది చెబితే చాలు.

పాదోవా_సైకిల్
అంకుల్, నేను ఇక్కడే ఉంటున్నా, నాలుగో ఏడు. ముందు పేరు సంగతి: ఊళ్ళోవాళ్ళు "పాదోవా" అంటారు. రైల్వే స్టేషన్‌లో బోర్డు కూడా అలాగే ఉంటుంది, పాదువా కోసం వెతికి బండి దిగకుండా ఉండిపోయేరు.

ఊరి గురించి ఊరివాళ్ళే చెప్పుకునే మాట ఒకటుంది: పేరు లేని సాధువు, తలుపుల్లేని కాఫీ హోటలు, గడ్డి లేని మైదానం. సాధువు అంటే అంతోని. ఇక్కడ ఎవరూ పేరు పెట్టి పిలవరు, "ఇల్ సాంతో" అంటే చాలు, ఆయనే. కాఫీ హోటలు పెద్రోక్కీ. 1831లో తెరిచారు, 1916 దాకా రాత్రీ పగలూ మూయలేదు, అందుకని తలుపుల్లేనిది. మైదానం ప్రాతో దెల్లా వాల్లె. పేరులో పచ్చిక ఉంది గానీ ఒకప్పుడు బురదే తప్ప గడ్డి లేదు. ఇప్పుడు శుభ్రంగా ఉంది లెండి, మధ్యాహ్నం పూట పడుకోవచ్చు కూడా. ఈ మూడూ చూస్తే సగం ఊరు అయిపోయినట్టే. మిగతా సగం రాత్రి రాస్తా, ల్యాబ్‌కి టైమైంది.

ఫిరంగిపురం_బిడ్డ
అయ్యో! "పాదువాపురి అంతోనివారు" అంటూ మంగళవారం నొవేనాల్లో చిన్నప్పట్నుంచీ ప్రార్థన చేస్తున్నాను. పాదువాపురి అంటే ఏదో బిరుదు అనుకున్నా, ఊరని ఇవాళే తెలిసింది. ఏ వస్తువు పోయినా మా అమ్మమ్మ ఆయనకే మొక్కేది. తాళాలు ఎన్నిసార్లు దొరికాయో.

రిటైర్డ్_మాస్టారు
ఫిరంగిపురం అమ్మాయీ, ఇంకో సంగతి విను. ఆయన ఆ ఊరివాడు కూడా కాదు, పోర్చుగల్‌లో లిస్బన్‌లో పుట్టాడు. 1231 జూన్ 13న పాదువా దగ్గర కన్నుమూశాడు. ఏడాది తిరక్కుండానే పునీతుడిగా ప్రకటించారు. బసిలికా కట్టడం కూడా 1232లోనే మొదలైంది. పరాయి ఊరివాణ్ణి తెచ్చి సొంత పేరు చేసుకోవడం ఆ ఊరికి అలవాటు. నా లెక్కన ఊరి కథంతా ఆ ఒక్క ముక్కలోనే ఉంది.

నెల్లూరు గారూ, మీరడిగిన కాలేజీ గొప్ప చెప్తాను. 1222లో బొలోన్యా యూనివర్సిటీ నుంచి కొందరు విద్యార్థులు, గురువులు విడిపోయి ఇక్కడికి వచ్చేశారు. రాజు పునాది రాయి వేయలేదు, పోపు ఫర్మానా ఇవ్వలేదు. అధ్యక్షుణ్ణి విద్యార్థులే ఎన్నుకునేవారు, పాఠం ఎవరు చెప్పాలన్నదీ వాళ్ళ చేతుల్లోనే ఉండేది. మన పిల్లలు క్లాసు బంక్ కొట్టి క్యాంటీన్‌కి పోతారు, వీళ్ళు క్లాసులనే మోసుకుని ఊరు మారిపోయారు. విద్యార్థులు దేశాలవారీగా సంఘాలు పెట్టుకునేవారు: జర్మన్లు ఒక జట్టు, పోలండువాళ్ళు ఒక జట్టు, ఇంగ్లీషువాళ్ళు ఒక జట్టు. కోపర్నికస్ 1501 నుంచి 1503 దాకా ఇక్కడ వైద్యం చదివాడు. ఖగోళం కాదు, వైద్యం! యూనివర్సిటీ పాత భవనం పేరు "బో", అంటే ఎద్దు. ఎద్దు గుర్తున్న సత్రం ఉన్న చోట కట్టారు కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. దాని ముంగిట్లో, హాళ్ళలో పాత విద్యార్థుల, గురువుల కుటుంబ చిహ్నాలు సుమారు మూడు వేలు ఉన్నాయి. గోడల మీద ఖాళీ దొరకదు. గెలీలియో ఎక్కి పాఠం చెప్పాడనే చెక్క వేదిక కూడా అక్కడే ఉంది.

తుంటరి_తెలుగోడు
మాస్టారూ, అప్పట్లో అటెండెన్స్ 75 శాతం రూలు విద్యార్థులకా, లెక్చరర్లకా?

స్టెతస్కోపు
నేను వైద్యురాలిని, గుంటూరులో ప్రాక్టీసు. ఆరేళ్ళ కిందట కాన్ఫరెన్సుకి వెళ్ళి ఒక పూట కాజేసి బో భవనం చూసొచ్చాను. అనాటమీ థియేటర్ ముందు పావుగంట మాట రాలేదు నాకు.

ఫాబ్రిచియో అనే గురువుగారు 1595లో కట్టించాడు. మొదటిసారి శాశ్వతంగా కట్టిన శవ పరీక్షా మందిరాల్లో ఈ రోజుకీ నిలిచి ఉన్నది ఇదే. అంతకు ముందు తాత్కాలికంగా చెక్కలు కట్టి, పని అయ్యాక విప్పేసేవారు. లోపలంతా చెక్కే. గుడ్డు ఆకారంలో ఆరు వరసలు ఒకదాని మీద ఒకటి, గరాటులాగా పైకి విచ్చుకుంటాయి. కుర్చీలుండవు. నిలబడి, కటకటాల మీదికి వంగి చూడాలి. వరస ఎంత ఇరుకంటే, కళ్ళు తిరిగినవాడు కింద పడటానికి కూడా చోటు ఉండదు. అప్పట్లో కిటికీలు లేవు, కొవ్వొత్తుల వెలుతురే.

పాత చెక్క కదా, సందర్శకుల్ని ఆ వరసలెక్కనివ్వరు. కింద మధ్యలోకి తీసుకెళ్ళి పైకి చూడమంటారు. అంటే నేను నిలబడింది శవాన్ని పడుకోబెట్టిన చోట. తల ఎత్తితే ఆరు వరసల కటకటాలు నావైపు వంగి చూస్తున్నట్టుంది. మొదటి సంవత్సరం డిసెక్షన్ హాల్లో మా బ్యాచ్ చేసిన వెకిలి వేషాలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. అక్కడ లాటిన్‌లో ఒక మాట ఉంది, మృత్యువు బతుకుకి సాయం చేస్తూ సంతోషించే చోటు ఇది అని. తమ శరీరాలు ఈ చదువుకే ఇచ్చేసిన కొందరు ప్రొఫెసర్ల పుర్రెలు ఇంకో గదిలో భద్రంగా ఉన్నాయి.

సిరల్లో రక్తం వెనక్కి పోకుండా కవాటాలుంటాయని విస్తారంగా వివరించింది ఈ ఫాబ్రిచియోనే. ఎందుకున్నాయో మాత్రం ఆయనకి సరిగ్గా అందలేదు. ఆయన క్లాసులో కూర్చున్న (నిలబడ్డ అనాలి) ఇంగ్లీషు కుర్రాడు విలియం హార్వే 1602లో పట్టా పుచ్చుకుని ఇంటికి పోయాడు. 1628లో రక్తం గుండె నుంచి బయల్దేరి మళ్ళీ గుండెకే చేరుతుందని పుస్తకం వేశాడు. గురువు తలుపు చూపించాడు, శిష్యుడు తీశాడు.

నెల్లూరు_నాన్న
డాక్టరమ్మ గారూ, మా ఆవిడ ఇది చదివి "నేను ఆ గదిలోకి రాను, బయట కూర్చుంటా" అని ఇప్పుడే తేల్చేసింది.

తుంటరి_తెలుగోడు
ఇటాలియన్ అంటే గుర్తొచ్చింది, మన భాషని "ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్" అన్నాడే, ఆయన ఈ ఊరేనా?

రిటైర్డ్_మాస్టారు
ఈ ఊరు కాదు, పక్కన సముద్రపొడ్డున ఉన్న కియోజ్జా. నికోలో దె కాంతి, 15వ శతాబ్దంలో విజయనగరం చూసినవాడు. ఆయన చెప్పగా పోజ్జో బ్రాచోలినీ లాటిన్‌లో రాసిపెట్టాడు. ఆ బిరుదు నికోలో ఇచ్చాడని మన పుస్తకాల్లో చదువుకుంటున్నాం గానీ, నాకు ఆ మాట మీద ఎప్పుడూ అంత గురి లేదు.

పాదోవా_సైకిల్
మాస్టారూ, నాకూ అనుమానమే. తెలుగులోలా మాటలన్నీ అచ్చుతో ముగుస్తాయనే కదా ఆ పోలిక. ఈ వేనెతో ప్రాంతపు యాసలో చివరి అచ్చులే చాలాచోట్ల రాలిపోతాయి! "పానె" (రొట్టె) ఇక్కడ "పాన్", "దొత్తోరె" ఇక్కడ "దొతోర్". కియోజ్జా మనిషి తన ఇంటి భాష తలుచుకుని ఉంటే ఆ పోలిక తట్టేది కాదేమో.

పక్క ఊళ్ళ మీద ఇక్కడివాళ్ళు చెప్పుకునే సామెత ఒకటి: వెనిస్‌వాళ్ళు గొప్ప దొరలు, పాదోవావాళ్ళు గొప్ప పండితులు, విచెన్సావాళ్ళు పిల్లుల్ని తినేవాళ్ళు, వెరోనావాళ్ళంతా పిచ్చోళ్ళు. మా ఇంటి ఓనరమ్మ విచెన్సా మనిషి. ఈ సామెత ఆమె ముందు అన్నందుకు వారం మాట్లాడలేదు.

కొండపల్లి_బొమ్మ
ఇప్పటిదాకా అంతా మగాళ్ళ కథే నడిచింది. ఎలెనా పేరు ఎవరూ ఎత్తరేం?

ఎలెనా లుక్రేజియా కోర్నారో పిస్కోపియా. ప్రపంచంలో యూనివర్సిటీ డాక్టరేటు పుచ్చుకున్న మొదటి స్త్రీగా ఈమెనే చెప్తారు. 1678 జూన్ 25న, పాదువాలోనే. తండ్రి వెనిస్‌లో పెద్ద పదవిలో ఉన్న ప్రభువు, తల్లి మామూలు పల్లెటూరి మనిషి. ఎలెనాకి ఏడు భాషలొచ్చు. దైవశాస్త్రంలో పట్టా అడిగింది. ఆడమనిషికి అదేంటని బిషప్ బార్బరీగో అడ్డుపడ్డాడు. చివరికి తత్వశాస్త్రంలో ఇస్తామన్నారు. పరీక్షకి జనం తండోపతండాలుగా వచ్చేసరికి యూనివర్సిటీలో చోటు చాలక కథీడ్రల్‌కి మార్చారు. అరిస్టాటిల్ మీద లాటిన్‌లో అడిగినవాటికి జవాబు చెప్పింది. ఉంగరం, పుష్పమాల, భుజాల మీద శాలువా, అన్నీ మగవాళ్ళకి ఇచ్చినట్టే ఇచ్చారు. అప్పటికి 32 ఏళ్ళు. 38 ఏళ్ళకే పోయింది. సమాధి సాంతా జుస్తీనా చర్చిలో ఉంది. బో భవనంలో మెట్ల దగ్గర ఆమె విగ్రహం కనిపిస్తుంది.

ఇంత ఘనంగా చేశారు కదా, తర్వాత? ఒక ప్రొఫెసర్ తన కూతురికీ పట్టా ఇప్పించాలని చూస్తే ఒప్పుకోలేదు. ఒక్కదాన్ని లోపలికి రానిచ్చి తలుపేసుకున్నారు. మాస్టారు ఇందాకట్నుంచి పొగుడుతున్న "స్వేచ్ఛ" ఎవరిది అని అడుగుతున్నా, అంతే.

రిటైర్డ్_మాస్టారు
నేను స్వేచ్ఛ అన్న మాట అనలేదమ్మా, యూనివర్సిటీ వాళ్ళే లాటిన్‌లో పెట్టుకున్నారు, పాదువా స్వేచ్ఛ అందరికీ, అన్నిటా అని. కానీ నీ ప్రశ్న సబబే.

ఉన్నంతలో అది ఎలా పనిచేసిందో చెప్తాను. 1405 నుంచి ఊరు వెనిస్ చేతిలో ఉంది. వెనిస్ వర్తకుల రాజ్యం. పోపు అంటే గౌరవమే గానీ, డబ్బు తెచ్చే విదేశీ విద్యార్థిని పోగొట్టుకునేంత భక్తి లేదు. పట్టా కావాలంటే కాథలిక్ విశ్వాసం మీద ప్రమాణం చేయాలని 1564లో పోపు నిబంధన పెట్టాడు. అప్పుడు జర్మన్ ప్రొటెస్టెంట్లు ఏం కావాలి? దానికి వెనిస్ 1616లో వేరే కొలీజియం (పట్టాలిచ్చే మండలి) పెట్టి, ప్రమాణంతో పనిలేకుండా ప్రభుత్వం పేరుతో పట్టాలిచ్చింది. యూదులకీ అదే దారి. యూరప్‌లో వాళ్ళకి తలుపులన్నీ మూసిన కాలంలో వైద్యం చదవడానికి పోలండు నుంచి కూడా ఇక్కడికే వచ్చారు.

క్రెమోనీని అనే తత్వశాస్త్రం ప్రొఫెసరు మీద ఇన్‌క్విజిషన్ (మత విరోధుల్ని విచారించే చర్చి కోర్టు) కేసులు పెట్టినా వెనిస్ కదలనివ్వలేదు. ఆయన గెలీలియోకి స్నేహితుడే. టెలిస్కోపులోంచి చూడమంటే మాత్రం చూడనన్నాడు, అది వేరే కథ.

కొండపల్లి_బొమ్మ
యూదుల దగ్గర ఫీజు ఎక్కువ గుంజారు, పట్టా రోజున మిఠాయిలు కూడా వాళ్ళ ఖర్చుతోనే పంచాలి, అది వదిలేశారు. రాత్రికి వాళ్ళు వెళ్ళి పడుకోవాల్సింది ఘెట్టోలోనే (యూదులు మాత్రమే ఉండాల్సిన పేట), 1603 నుంచి.

ఇంకా దగ్గరికి వద్దాం. బ్రూనో రోస్సీ, కాస్మిక్ కిరణాల మీద పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త. పాదువాలో కొత్త ఫిజిక్స్ భవనాన్ని దగ్గరుండి కట్టించుకున్నాడు. 1937లో తెరిచారు. 1938లో జాతి చట్టాలొచ్చాయి, యూదుడని ఉద్యోగం తీసేశారు. కట్టించుకున్న ల్యాబ్‌లో రెండేళ్ళు కూడా నిలవనివ్వలేదు. అమెరికా వెళ్ళిపోయాడు.

రిటైర్డ్_మాస్టారు
కాదనను. ఆ ఊళ్ళోనే ఐదేళ్ళకి జరిగింది కూడా చెప్పాలి కదా. 1943లో నాజీలు ఆక్రమించుకున్నప్పుడు రెక్టారు (యూనివర్సిటీ అధిపతి) కొంచెత్తో మార్కేసీ, లాటిన్ పండితుడు, పదవికి రాజీనామా ఇచ్చి, పోరాటంలోకి రమ్మని విద్యార్థులకి బహిరంగ పిలుపు రాసి అజ్ఞాతంలోకి వెళ్ళిపోయాడు. వంద మందికి పైగా విద్యార్థులు, ఉద్యోగులు ప్రాణాలిచ్చారు. యుద్ధం అయ్యాక యూనివర్సిటీకి సైనిక పరాక్రమానికి ఇచ్చే బంగారు పతకం ఇచ్చారు. ఇటలీలో అది ఉన్న యూనివర్సిటీ ఇదొక్కటే.

కొండపల్లి_బొమ్మ
సరే, అది ఒప్పుకుంటా. మొదటి మహిళా రెక్టారు వచ్చింది మాత్రం 2021లో మాస్టారూ, దనియేలా మాపెల్లి. లెక్క వేసుకోండి.

బీటెక్_బాధితుడు
అన్నా, పాదువాలో రీజినల్ స్కాలర్‌షిప్ వస్తుందా? కన్సల్టెన్సీ వాళ్ళు గ్యారంటీ అంటున్నారు, లక్షా ఇరవై అడుగుతున్నారు

వేదిక_నిర్వాహకులు
తమ్ముడూ, దానికి "విదేశీ చదువులు" విభాగంలో వేరే చర్చ ఉంది, అక్కడ అడగండి. గ్యారంటీ అన్నవాడికి డబ్బు కట్టకండి.

పాదోవా_సైకిల్
ల్యాబ్ అయింది, మిగతా సగం ఊరు.

స్క్రోవెన్యీ చాపెల్: అంకుల్, బొమ్మలు తెలీదన్నారు కదా, అయినా ఇది వదలొద్దు. వెళ్ళేముందే ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకోండి, అక్కడికక్కడ దొరకడం కష్టం. ముందు ఒక అద్దాల గదిలో పావుగంట కూర్చోబెడతారు, మన ఒంటి తేమ, దుమ్ము లోపలికి పోకుండా. తర్వాత లోపల ఇంకో పావుగంట. గోడలన్నీ జోత్తో అనే చిత్రకారుడు 1305 ప్రాంతంలో వేసిన బొమ్మలు, పైకప్పంతా నీలం, బంగారు చుక్కలు. కట్టించినవాడు ఎన్రీకో స్క్రోవెన్యీ. వాళ్ళ నాన్న పేరుమోసిన వడ్డీ వ్యాపారి, ఎంత పేరంటే ఇటాలియన్ మహాకవి దాంతే తన కావ్యంలో నరకంలో కూర్చోబెట్టాడు. నాన్న పాపం కడగడానికే కొడుకు ఇది కట్టించాడని ఇక్కడ అందరూ అంటారు.

పలాత్సో దెల్లా రజోనె: పాత న్యాయస్థానం. పైన 80 మీటర్ల పొడవు హాలు, మధ్యలో ఒక్క స్తంభం ఉండదు. కింద ఎప్పట్నుంచో మాంసం, చీజు దుకాణాలు. హాల్లో ఒక మూల నల్లరాతి పీట చూడండి. అప్పు తీర్చలేనివాడు లోదుస్తులతో దాని మీద మూడుసార్లు కూలబడి, "నా ఆస్తులు వదులుకుంటున్నా" అని అందరిముందూ లాటిన్‌లో చెప్పి ఊరొదిలి పోవాలి.

తుంటరి_తెలుగోడు
అంటే ఐపీ పెట్టడానికి పీట! మన చిట్‌ఫండు మహానుభావులకి ఇలాంటివి జిల్లాకొకటి కావాలి.

పాదోవా_సైకిల్
నవ్వొద్దు, అంతకుముందు అప్పులోళ్ళని జైల్లోనే కుళ్ళబెట్టేవాళ్ళు. పాపం వాళ్ళ తరఫున మాట్లాడి 1231లో చట్టం మార్పించింది అంతోనివారే అంటారు. అదే ఏడాది ఆయన పోయారు కూడా. ఫిరంగిపురం అక్కా, తాళాలొక్కటే కాదు మరి.

పెద్రోక్కీ కాఫీ: లోపల మూడు గదులు, ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ. ఆకుపచ్చ గదిలో ఏమీ కొనకుండా కూర్చోవచ్చు, పేపరు చదువుకోవచ్చు. డబ్బుల్లేని విద్యార్థుల అడ్డా. చేతిలో చిల్లిగవ్వ లేకపోతే ఇటాలియన్‌లో "ఆకుపచ్చలో ఉన్నా" అంటారు, ఆ మాట ఈ గది నుంచే పుట్టిందని ఇక్కడివాళ్ళు గొప్పలు పోతారు. నేను నమ్మను గానీ ఆ గదిలో చాలా గంటలు కూర్చున్నా. తెల్ల గది గోడలో తూటా గుర్తుంది: 1848 ఫిబ్రవరి 8న విద్యార్థులు, ఊరివాళ్ళు ఆస్ట్రియా సైనికుల మీద తిరగబడ్డ రోజుది. పుదీనా క్రీముతో కాఫీ ఇస్తారు. కలపొద్దు, చక్కెర వేయొద్దు. నేను మొదటిసారి రెండూ చేశా, వెయిటర్ నన్ను చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు.

స్టెతస్కోపు
బొటానికల్ గార్డెన్ మర్చిపోయావు తమ్ముడూ! 1545లో వైద్య విద్యార్థులకి మందు మొక్కలు గుర్తుపట్టడం నేర్పడానికి పెట్టింది. అదే చోట ఇప్పటికీ నడుస్తున్న యూనివర్సిటీ తోటల్లో ఇదే అన్నిటికంటే పాతది. మూలికలు ఖరీదైనవి, రాత్రిళ్ళు దొంగలు పడేవాళ్ళు. అందుకే చుట్టూ గుండ్రంగా గోడ కట్టారు. 1585లో నాటిన తాటి జాతి చెట్టు ఒకటి ఇంకా బతికే ఉంది. 1786లో జర్మన్ కవి గోథే దాని ఆకుల్ని చూసి, మొక్క రూపమంతా ఆకులోంచే పుడుతుందన్న తన ఆలోచనకి అక్కడ ఊపు తెచ్చుకున్నాడు. ఇప్పుడది గోథే చెట్టు.

కొత్త గాజు మందిరాలు కూడా ఉన్నాయి. నేను వెళ్ళింది ఫిబ్రవరి చలిలో. ఉష్ణమండలం గదిలో అడుగుపెట్టగానే కళ్ళద్దాలకి ఆవిరి కమ్మేసింది, అచ్చం మా తెనాలి జూలై. అద్దాల మేడలో అరటి చెట్టు! మా పెరట్లో గిలకబావి పక్కన దానికి గిన్నెలు కడిగిన నీళ్ళే.

నెల్లూరు_నాన్న
మీ అందరికీ చేతులెత్తి దణ్ణం. ఒక అనుమానం. పట్టా రోజున అమ్మాయి "నాన్నా, నువ్వూ అమ్మా కొంచెం దూరంగా నిలబడండి, ఏం జరిగినా కంగారు పడొద్దు" అంటోంది. ఏం జరుగుతుంది?

పాదోవా_సైకిల్
😀😀 అంకుల్, "పాపీరో". స్నేహితులందరూ కలిసి మీ అమ్మాయి మీద పెద్ద కార్టూన్ పోస్టరు తయారుచేస్తారు. కింద జీవిత చరిత్ర మొత్తం ప్రాసలో, సగం బూతులతో. తలకి ఆకుల కిరీటం పెట్టి, పిచ్చి వేషం కట్టి, నడివీధిలో దాన్ని గట్టిగా చదివిస్తారు. తప్పు చదివితే ఒక గుక్క తాగాలి. మధ్యమధ్య అందరూ "దొత్తోరె దొత్తోరె" అని పాట అందుకుంటారు. ఆ పాట అర్థం నన్నడగొద్దు, మీ అమ్మాయిని అసలు అడగొద్దు. దాదాపు ప్రతి ఒక్కరికీ జరిగేదే, ప్రొఫెసర్లు కూడా పక్కనుంచి నవ్వుకుంటూ పోతారు.

రిటైర్డ్_మాస్టారు
గెలీలియో ఇక్కడ 18 ఏళ్ళు ఉన్నాడు, 1592 నుంచి 1610 దాకా. మొదట జీతం ఏడాదికి 180 ఫ్లోరిన్లు. చాలక ఇంట్లో విద్యార్థుల్ని భోజనానికి, వసతికి పెట్టుకున్నాడు. చెల్లెళ్ళ కట్నాల బాకీ మరి. టెలిస్కోపు చూపించాక 1000 చేశారు. గురుగ్రహం చుట్టూ చందమామలు తిరగడం చూసింది కూడా ఈ ఊళ్ళోనే, 1610 జనవరిలో. అదే ఏడాది ఫ్లోరెన్సు వెళ్ళిపోయాడు. అక్కడ ఆయన వెనక వెనిస్ లేదు. తర్వాత ఏమైందో అందరికీ తెలుసు. పాదువా రోజులే తన బతుకులో మేలైనవని ముసలితనంలో రాసుకున్నాడు. ఆ ఇంటి వీధికి ఇప్పుడు ఆయన పేరే. అమ్మాయిని అక్కడ నిలబెట్టి ఒక ఫోటో తీయండి.

కొండపల్లి_బొమ్మ
నెల్లూరు గారూ, నాదొక కోరిక. ప్రాతో మైదానంలో కాలువ చుట్టూ 78 విగ్రహాలున్నాయి, ఊరికి పేరు తెచ్చిన మగవాళ్ళు. నెపోలియన్ సైన్యం కొన్నిటిని కూలగొట్టాక రెండు దిమ్మెలు ఖాళీగా మిగిలాయి. 2021 చివర్లో ఒకదాని మీద ఎలెనాని పెడదామని కౌన్సిల్లో ప్రతిపాదన వస్తే, పాత కట్టడాన్ని ముట్టుకోవద్దని కొందరు, ఇన్నాళ్ళకైనా పెట్టండని కొందరు పెద్ద వాదన నడిచింది. ఆ ఖాళీ దిమ్మెలు ఎక్కడున్నాయో చూసి ఫోటో పెట్టండి.

*(ఐదు వారాల తర్వాత)*

నెల్లూరు_నాన్న
వచ్చేశాం. ఒక్కొక్కరికి జవాబు.

డాక్టరమ్మ గారూ, బయట కూర్చుంటానన్న మనిషే ఆ చెక్క మందిరంలోంచి ఆఖర్న బయటికొచ్చింది. ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి "మా నాన్నని ఆపరేషన్ చేసిన డాక్టరు కూడా ఎవరి మీదో నేర్చుకునే ఉంటాడు కదా" అంది.

మాస్టారూ, గెలీలియో వీధిలో ఫోటో అయింది. బో ముంగిట్లో ఆ గోడ చిహ్నాలన్నీ చూస్తూ మెడ పట్టేసింది. ఫిరంగిపురం అమ్మా, మీ పేరున ఒక కొవ్వొత్తి వెలిగించాం. బయటికొచ్చాక చూస్తే నా గొడుగు పోయింది. అంతోనివారి గుళ్ళోనే!

పాపీరో రోజు మా అమ్మాయికి నారింజ రంగు మత్స్యకన్య వేషం కట్టి, నెత్తిన ఆకుల కిరీటం పెట్టి నిలబెట్టారు. పోస్టర్లో నేనూ ఉన్నాను, చేతిలో ఫోను పట్టుకుని "తిన్నావా?" అని అడుగుతున్నట్టు. ఆ "తిన్నావా" ఇటాలియన్ అక్షరాల్లో రాసి, అక్కడి పిల్లలందరూ కలిసి నావైపు తిరిగి అరిచారు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది, నేను గొడుగు వెతుకుతున్నట్టు పక్కకి తిరిగాను.

కొండపల్లి అమ్మాయీ, ఎలెనా విగ్రహం దగ్గర మావాళ్ళిద్దరూ నిలబడ్డ ఫోటో పెడుతున్నా. దిమ్మెల సంగతి: సాయంత్రం మైదానం చుట్టూ తిరుగుతూ విగ్రహాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నలభై ఒకటో నలభై రెండో అయ్యేసరికి మా ఆవిడ జెలాతో (అక్కడి ఐస్‌క్రీం) తెచ్చి చేతిలో పెట్టింది, అది కారిపోతుంటే లెక్క తప్పింది. అమ్మాయికి అక్కడే ఉద్యోగం వచ్చింది, ఈసారి వెళ్ళినప్పుడు మొదట్నుంచి మళ్ళీ లెక్కపెడతా.